అబ్బాజాన్ దాచిన నూనె

మాఘం వెళ్ళేనాటికి మా ఆర్మూరు గాలికి ఒక రంగు వస్తుంది. చుట్టుపక్కల పల్లెలలో తవ్విన పసుపు ఉడికి, కళ్ళాలలో పది పదిహేను రోజులు ఎండి, పాలిష్ డ్రమ్ములకు ఎక్కే కాలమది. రంధ్రాలు గల ఇనుప డ్రమ్ము గిరగిర తిరుగుతూ వుంటే లోపలి కొమ్ములు ఒకదానితో ఒకటి ఒరసుకొని, పైనున్న గరుకు తోలు, పీచు వేళ్ళు, అంటుకొన్న మట్టి రాలిపోతవి. ఆ రాలిన పొడి గాలిలో లేచి పెంకుటిండ్ల మీద, దండెం మీది బట్టల మీద, తుదకు మేము దిద్దుతూ కూర్చున్న పరీక్షపత్రాల మీద కూడా వాలుతుంది. ఈ డ్రమ్మును తిప్పేది కొన్నిచోట్ల ట్రాక్టరు. కొన్నిచోట్ల పాతకాలపు డీజిల్ ఇంజను. మేము చెప్పబోయేది ఆ ఇంజనులో పోయవలసిన నూనెను గురించి. తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ఇంజను నూనెతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. 2025 ఫిబ్రవరి వరకు మాకూ ఏ పనీ లేదు.

ఆ నెలలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని మేము ఇల్లు చేరేసరికి వాకిట్లో వేపచెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని వున్నాడు. అంకాపూర్ దారిలోని ఒక పల్లె రైతు. చిన్ననాటి నుండి మేము కాకా అని పిలిచే మనిషి. మా అమ్మీ ఆయనకు అప్పటికే చాయ్ పంపి, తలుపు చాటున నిలబడి యోగక్షేమాలు అడుగుతున్నది. ఆ ప్రశ్నలన్నీ ముగిసిన పిదప ఆయన కొంతసేపు చేతికర్రతో నేల గీస్తూ కూర్చుని, చివరకు నోరు విప్పాడు.

"సారూ, అడుగుడు మంచిగ లేదు గని అడుగుతున్న. మీ బాపు ఉన్నప్పుడు నా ఇంజనుకని రెండు డబ్బల మోబిల్ తెప్పిచ్చి పెట్టిండు. పైసలు గప్పుడే ఇచ్చిన. తర్వాత కరోనా అచ్చె, మిస్త్రీ సాబు పాయె. నేను గూడ డ్రమ్మును ట్రాక్టర్‌కు కట్టుకున్న, అవుసరం పడలే. ఇప్పుడు పోరడు దుబాయ్ పోయిండు, ట్రాక్టర్ అమ్మినం. పాత ఇంజను మల్ల దించిన. గా డబ్బలు ఉంటె ఇయ్యుండ్రి. లేకుంటె లేదు, మనసుల ఏం పెట్టుకోకుండ్రి."

మా అబ్బాజాన్ ఆర్మూరులో ముప్పదేండ్లకు పైగా ఆయిల్ ఇంజన్ల మిస్త్రీ. మోటబావుల మీదికి ఇంజన్లు వచ్చినది మొదలు, వాటి స్థానంలో కరెంటు మోటార్లు వచ్చినదాక ఆయనకు పని కరవు కాలేదు. 2021 మే నెలలో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరినారు. జనాజా లేచే ముందు మా ఆచారం ప్రకారం మేము నిలబడి, వీరు ఎవరికైనా బాకీ పడి వుంటే చెప్పండి, ఆ భారం మాది అని అడిగాము. అయితే అవి లాక్‌డౌన్ రోజులు. వచ్చినవారే పదిమంది. ఆ పదిమందిలో కాకా లేడు. బాకీ వున్నవాడు మా మాట వినలేదు; విన్నవారికి బాకీ లేదు. నాలుగేండ్లుగా మా తండ్రి మెడ మీద ఒక అమానత్ వున్నదని, అది మా కొట్టుగదిలోనే వున్నదని, ఆ శుక్రవారం మాకు తెలిసింది.

అమ్మీ మాత్రం ఏ సందేహం లేకుండా, "డబ్బాలు చెక్క మీదనే వున్నవి, ఆయన సొమ్ము ఆయనకు ఇచ్చివేయి" అన్నది. మాకు అక్కడే సందేహం కలిగింది. అమానత్ అన్నది వస్తువును తిరిగి ఇచ్చుటతో తీరునా, మంచి వస్తువును తిరిగి ఇచ్చుటతో తీరునా? కాకా డబ్బు ఇచ్చినది పనికివచ్చే నూనెకు. అది మా గదిలో వుండి చెడిపోయి వుంటే, డబ్బా చేతిలో పెట్టి చేతులు దులుపుకొనుట న్యాయం కాదు. పైగా అది పసుపు కాలం. ఉడికిన పసుపు కళ్ళంలో వుండగా ఇంజను పట్టుకొనిపోతే పాలిష్ ఆగుతుంది; పాలిష్ కాని కొమ్ముకు నిజామాబాదు యార్డులో ధర పలుకదు; నడుమ ఒక అకాల వర్షం పడితే ఆ నష్టానికి లెక్క వుండదు. "కాకా, రెండు దినాలు ఆగు, చూసి చెప్తాము" అన్నాము. "ఏం జూస్తరు సారూ, నూనెనే గద" అంటూ ఆయన వెళ్ళిపోయాడు.

కొట్టుగది మా యింటికి ఉత్తరపు వైపున వుంటుంది. మట్టిగోడలు, పెంకుకప్పు, ఎండ నేరుగా తగలదు. అబ్బాజాన్ సామానంతా అమ్మీ అట్లే వుంచింది. గోడవారగా చెక్క మీద నూనె డబ్బాలు. వాటి మీద ఆయన చేతిరాత. ఆయనకు వచ్చినది ఉర్దూ ఒక్కటే. అదికూడ మక్తబులో నేర్చినంత. అయినను ప్రతి డబ్బా మీద తెల్లని పెయింటుతో రెండు మాటలు తప్పక రాసేవారు. ఖరీదా అని ఒక తేదీ, ఖోలా అని ఒక తేదీ. కొన్ననాడు, విప్పిననాడు. అటువంటి లెక్క ఆయనకు ఎవరు నేర్పారో మాకు తెలియదు.

కాకా డబ్బాలు రెండూ ఐదు లీటర్లవి. ఖరీదా అన్నచోట 2020 సెప్టెంబరు. ఖోలా అన్నమాట రాసి, దాని ఎదుట చోటు ఖాళీగా వదిలినారు. మూతల సీళ్ళు చెక్కుచెదరలేదు. డబ్బా వెనుక అచ్చైన తయారీ తేదీ 2020 జూన్. వాటి పక్కన సగమైన మరొక డబ్బా. ఖోలా 2019 డిసెంబరు. ఇంకొక పాత రేకుడబ్బా. దాని కాగితం చెదలు తిన్నది, రాత తుప్పులో కలిసిపోయింది. చివరగా, మూలన, వంటనూనె వచ్చే తెల్లని ప్లాస్టిక్ డబ్బాలో ఏదో నల్లని ద్రవం. దాని మీద ఏ రాతా లేదు. అది అబ్బాజాన్ పెట్టినది కాదనుకొంటాము.

సగమైన ఆ డబ్బాతో మాకు వెనుకటి పరిచయం కలదు. 2022లో మేము మోటారు సైకిలుకు నూనె మార్చవలసి వచ్చి, ఇంట్లో వుండగా కొనుట దండుగ అని తలచి, అందులోనిదే పోశాము. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదవనాడు ఒక సహోపాధ్యాయుని వెనుక కూర్చోబెట్టుకొని నవనాథ సిద్ధుల గుట్ట ఘాటురోడ్డు ఎక్కుతుండగా ఇంజను అరచుచున్నదే గాని బండి ముందుకు సాగదు. ఆయన దిగి నడిచారు. మేము బండిని తోసుకొని దిగాము. తరువాత తెలిసినదేమనగా, అది కారుకు ఉద్దేశించిన నూనె. మోటారు సైకిళ్ళలో పెక్కింటికి క్లచ్ పలకలు ఇంజను నూనెలోనే మునిగి వుంటవి. కార్ల నూనెలో రాపిడిని మరింత తగ్గించే మందులు కలుపుతారు. ఆ మందు క్లచ్ పలకలకు తగిలితే అవి పట్టు వదలి జారుతవి. అందుకే మోటారు సైకిళ్ళకు జాసో ఎం.ఏ. అను గుర్తు గల నూనె వేరుగా వున్నది. అనగా ఆనాడు మమ్ము దించినది నూనె పాతదనం కాదు, మా అజ్ఞానం. కాని ఆ సంగతి తెలిసేవరకు మేము అందరితోను పాతనూనె చెడిపోయిందనే చెప్పుకొన్నాము.

అబ్బాజాన్ వద్ద చివరగా పని నేర్చిన శిష్యుడు ఒకడు పెర్కిట్ దగ్గర రోడ్డు మీద దుకాణం పెట్టుకొన్నాడు. అతనిని పిలిపించి డబ్బాలు చూపించాము. "ఉస్తాద్ పెట్టిన నూనె ఖరాబ్ గాదు భాయ్" అన్నాడు. మా తండ్రి మీద అతనికి గల గౌరవానికి సంతోషించాము. అయినను నూనె విషయంలో దానిని సాక్ష్యంగా తీసుకొనలేకపోయాము. కళాశాలలో రసాయనశాస్త్రం బోధించే మిత్రుని వద్దకు పోయి, ఆయన యిచ్చిన పుస్తకాలు రెండు రాత్రులు చదివాము.

అందులో మొదట తెలిసినది ఇది. ఇంజను నూనె ఒక్క పదార్థం కాదు. అందులో ముప్పాతికకు మించి ముడి చమురు నుండి తీసిన మూలతైలం. అది కోట్ల సంవత్సరాలు భూగర్భంలో వున్నది. మా కొట్టుగదిలో మరి నాలుగేండ్లు వున్నంత మాత్రాన దానికి వచ్చే హాని స్వల్పం. మిగిలిన భాగం మందులు. మసిని విడదీసి తేలగట్టేది ఒకటి, ఆమ్లాన్ని విరిచేది ఒకటి, లోహం లోహాన్ని కొరకకుండ నడుమ పొరగా నిలిచేది ఒకటి, వేడికి నూనె మరీ పలుచబడకుండ కాపాడేది ఒకటి, నురగను అణచేది ఒకటి. వయస్సు తగిలేది ఈ మందులకు. చిరకాలం కదలక వున్న డబ్బాలో వీటిలో కొన్ని అడుగుకు దిగవచ్చును. నురగను అణచే మందు ముఖ్యంగా అట్లు దిగే స్వభావం గలది. అందువలననే సీలు విప్పే ముందు డబ్బాను బాగా ఊపవలెనని చెప్తారు. మూత విప్పని డబ్బాకు, నీడలో వుంచితే, తయారైననాటి నుండి నాలుగైదేండ్లు ఆయుర్దాయమని నూనె కంపెనీలు సాధారణంగా చెప్పే మాట. కాకా డబ్బాలకు ఐదేండ్లు నిండుటకు నాలుగు నెలలు తక్కువ. గీత మీద నిలబడిన మనిషి వలె వున్నవి అవి.

ఇక మూత విప్పిన డబ్బా సంగతి వేరు. దానికి ప్రధాన శత్రువు కాలం కాదు, నీరు. నూనె పీపాలు ఊపిరి తీస్తవి అన్న సంగతి చదివినపుడు మాకు విస్మయం కలిగింది. పగటి ఎండకు లోపలి గాలి, నూనె వ్యాకోచించి కొంత గాలి బయటికి పోతుంది. రాత్రి చల్లదనానికి సంకోచించి బయటి గాలిని లోనికి లాగుకొంటుంది. ఆ గాలితో తేమ వస్తుంది. ఆరుబయట నిలువుగా నిలబెట్టిన పీపా మూత మీద వాననీరు నిలిస్తే, రాత్రి అది ఆ నీటినే బిరడా సందులలో నుండి పీల్చుకొంటుంది. అందుకే పీపాను అడ్డంగా పడుకోబెట్టి, బిరడాలు రెండూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెలున్న చోటికి వచ్చేటట్లు వుంచవలెనని నియమం. అప్పుడు బిరడాలకు లోపలి వైపున నూనె వుంటుంది, గాలి చొరదు. మన పెట్రోలు బంకుల వెనుక, పొలాల గట్ల మీద నిలువుగా నిలబడి వానలో తడిసే పీపాలను తలచుకొన్నాము. నీరు చేరిన నూనె తెల్లబారి, మజ్జిగ వలె కనబడుతుంది. మా వూరిలో నీటికి తోడు మరొక శత్రువు: పసుపు పొడి. పొడి అంటే పసుపు మాత్రమే కాదు, కొమ్ముల మీది మట్టి. మూత వదులైన డబ్బాలో అది చేరితే ఇంజనుకు ఆకురాయి పెట్టినట్లే.

పాతనూనె అన్న మాటకు మరొక అర్థం కూడ కలదని అప్పుడే తెలిసింది. నిన్న తయారైనను పాతదే అయిన నూనె వుంటుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారు నూనెలకు తరగతులు ఏర్పరచినారు. పెట్రోలు ఇంజన్లకు ఎస్.ఏ. అనునది మందులు లేని మొదటి తరగతి; 1930 తరువాత తయారైన ఇంజన్లలో చాలవాటికి అది తగదని వారే ప్రకటించినారు. ఎస్.బి. 1951 తరువాతి వాటికి తగదు. డీజిల్ నూనెలదీ ఇదే వరుస. కాకా డబ్బాల మీద వున్నది 20డబ్ల్యూ-40, సి.ఎఫ్.-4. ఆ తరగతి 1990లో వచ్చినది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్-6 లారీలో దానిని పోయరాదు; వాటి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ వుంటుంది, పాత తరగతి నూనె కాలగా మిగిలే బూడిద ఆ జల్లెడను పూడ్చివేస్తుంది. కాని కాకా ఇంజను ఒకే సిలిండరు గల, నెమ్మదిగా కొట్టుకొనే పాత ఇంజను. దాని అవసరానికి సి.ఎఫ్.-4 మిక్కిలి చాలును. అంటే ఆ నూనె సురక్షితమా అన్న ప్రశ్నకు, దేనిలో పోయుటకు అన్న ఎదురుప్రశ్న వేయక తప్పదు. మేము మోటారు సైకిలు విషయంలో వేయని ప్రశ్న అదే.

మూడవనాడు శిష్యుడు, మేము పరీక్షకు కూర్చున్నాము. ఒక డబ్బాను బాగా ఊపి, సీలు విప్పి, శుభ్రమైన గాజుసీసాలో కొంత పోసి ఒక రాత్రి కిటికీలో వుంచాము. తెల్లవారి చూస్తే తేనెరంగు. అడుగున మడ్డి లేదు, మబ్బు లేదు. తరువాత నీటి పరీక్ష. వేడి రేకు మీద ఒక్క చుక్క నూనె వేయవలెను. అందులో కొద్దిపాటి నీరున్నను చిటపటలాడుతుంది. లేకుంటే నిశ్శబ్దంగా పరచుకొంటుంది. దీనికై మేము అమ్మీ వద్ద ఒక పెనం అడిగాము. రొట్టెల పెనం మీద మోబిల్ పోస్తారా అని ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయము. చివరకు ఓటిపోయిన ఒక పాత పెనం దొరికింది. ఆరుబయట కుంపటి మీద దానిని కాచి, నిప్పుల నుండి దింపి, ఒక్క చుక్క వేశాము. చప్పుడు లేదు. సగం డబ్బాలోని చుక్క వేయగానే టపటప పేలింది. రేకుడబ్బాలోనిది మూత తీయగానే పులిసిన వాసన కొట్టింది. దానిని పెనం దాకా తేలేదు.

ఈ పరీక్షలు నీటిని, మడ్డిని చూపగలవే గాని మందుల బలాన్ని చూపలేవు. దానికి ప్రయోగశాల కావలెను. పది లీటర్ల నూనెకు ఆ ఖర్చు పెట్టేవారు ఎవరు? కనుక మా తీర్పులో కొంత అనుమానం మిగిలే వున్నది. శిష్యుడే ఒక ఉపాయం చెప్పాడు. మామూలుగా ఎన్ని గంటలకు నూనె మారుస్తారో, ఈసారి అందులో సగం గంటలకే మార్చివేయుట.

"మరి ఈ సగం డబ్బా పారేసుడెందుకు భాయ్, డ్రమ్ము బేరింగులకు పోద్దాం" అన్నాడతను. మేము వద్దన్నాము. బేరింగు నుండి కారిన చుక్క పడేది పసుపు మీద. ఆ పసుపు కూరలో పడుతుంది, పెండ్లికూతురి ఒంటికి పడుతుంది, పసిపిల్లవాని పుండు మీద పడుతుంది. అక్కడ కొద్దిపాటి గ్రీజు పెట్టి, అది కూడ లోనికి జారకుండ అడ్డు కట్టుట మేలు. అతను కొంత ఆలోచించి, ఇన్నేండ్లు ఈ మాట ఎవరూ అనలేదన్నాడు. సగం డబ్బా ఇనుపగేటు బందులకు, గొలుసులకు కేటాయించబడింది.

ఇక మూలనున్న ఆ తెల్లడబ్బా. దానిని చూచినపుడు మాకు భాష జ్ఞాపకం వచ్చింది. అది మా వృత్తిదోషం. మా ప్రాంతంలో ఇంజను నూనె నంతటిని మోబిల్ అంటారు. అమెరికాలోని వాక్యూమ్ ఆయిల్ కంపెనీ తన నూనెకు పెట్టుకొన్న పేరు మన పల్లెలలో జాతివాచకమైంది. మంచిదే. కాని నూనె అన్న తెలుగు మాటలో నువ్వు వున్నది. నువ్వుల నెయ్యి నూనె. తైలంలో తిల వున్నది. ఉర్దూలో తేల్ అన్నది ఆ తైలమే. ఆంగ్లంలోని ఆయిల్ మూలం ఆలివ్ పండు. ఏ భాషలో చూచినను ఈ మాట పుట్టినది తినే వస్తువు నుండి. భూమిలోని చమురుకు మనుషులు తరువాత ఆ పేరు పెట్టారు. పేరు ఒక్కటైనపుడు డబ్బా కూడ ఒక్కటి కావడానికి ఎంతోసేపు పట్టదు.

1959లో మొరాకో దేశంలో జరిగినది ఇదే. అక్కడి అమెరికా వైమానిక స్థావరంలో నిలువవుండి అవసరం తీరిన జెట్ ఇంజను నూనెను మిగులు సరుకుగా అమ్మివేశారు. కొందరు వర్తకులు దానిని వంటనూనెలో కలిపి అమ్మారు. అందులోని ట్రైక్రెసైల్ ఫాస్ఫేట్ అను రసాయనం నరాలను చంపుతుంది. ముఖ్యంగా మెక్నెస్ నగరంలో, చవకనూనె కొనుక్కొనే పేదలు, దాదాపు పదివేలమంది కాళ్ళు చేతులు పడిపోయినవి. అది రంజాను పాటించే ముస్లిముల దేశం. మన యిండ్ల వంటి యిండ్లు. 1988లో మన కలకత్తాలోని బేహాలాలో వంటనూనెలో కలిసి వందలమంది కాళ్ళను పడగొట్టినది కూడ ఆ రసాయనమే. ఈ రెండు చోట్ల దోషం నూనె పాతదగుట కాదు. అది ఏ నూనెయో, ఎక్కడిదో, ఎందుకు పనికిరానిదో చెప్పే కాగితం దాని వెంట రాలేదు, రానివ్వలేదు.

మా యింటి తెల్లడబ్బాలో వున్నది ఇంజనులో నుండి దించిన వాడిన నూనె అని శిష్యుడు వేళ్ళ మధ్య రాసి చూచి చెప్పాడు. ఎవరో గిరాకీ వదలిపోయి వుండవచ్చును. అటువంటి దానిలో కాలిన మసి, లోహపు పొడి, క్యాన్సరు కలిగించగల పదార్థాలు చేరి వుంటవి. ఉత్త చేతులతో ముట్టుట కూడ మంచిది కాదు. మన మెకానిక్కులు మోచేతుల దాక అందులోనే వుంటారు. పశువుల గాయాలకు దానిని రాసేవారిని కూడ మేము ఎరుగుదుము. ఆ డబ్బా మా అమ్మీ పల్లీనూనె డబ్బాకు జంటగా పుట్టినట్లు వున్నది. రెండింటికీ మధ్య వున్నది ఒక తలుపు, నాలుగడుగుల దూరం. అమ్మీకి చూపు మందగించిన సంగతి ఆ క్షణాన గుర్తుకు వచ్చి, మేము నిలబడలేక ఆ చెక్క మీదనే కూర్చున్నాము. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన నూనెను కాలువలో పోయరాదు, నేలపాలు చేయరాదు. అనుమతి పొందిన శుద్ధి కేంద్రాలకే చేరవలెను. శిష్యుని దుకాణంలో వాడిన నూనె పీపాను నెలకొకసారి తీసుకొనిపోయే బండి కలదు. ఆ నలుపును, రేకుడబ్బాలోని పులుపును అందులో చేర్చమన్నాము. తెల్లడబ్బాకు కత్తితో తూటు పొడిచాము, మరెవ్వరు ఏమీ పోయకుండ.

కాకా వచ్చాడు. మేము బజారు నుండి ఒక కొత్త డబ్బా తెచ్చి, పాత రెండు డబ్బాల పక్కన పెట్టి, తేదీలు, పరీక్షలు, అనుమానం, సగం గంటల మాట, అన్నీ విడమరచి చెప్పాము. పాతవి వద్దనుకొంటే రెండవ కొత్త డబ్బా కూడ తెస్తామన్నాము. ఆయన కొత్త డబ్బాను చూడనేలేదు. పాతదాని మీది పెయింటు రాతను వేలితో తడిమి, "గిదేం రాసిండు మీ బాపు?" అన్నాడు. కొన్న తేదీ అని చెప్పాము. "మరి గీడ ఏం లేదు?" అన్నాడు ఖోలా ఎదుటి ఖాళీని చూపి. విప్పిననాడు రాయుటకు వదలినారని చెప్పాము. "విప్పితిరి గద మరి. రాయుండ్రి."

కొట్టుగదిలో పెయింటు ఎండిపోయి వున్నది. బోర్డు మీద రాసే మార్కరుతో ఉర్దూలో తేదీ రాశాము. తలుపు చాటున అమ్మీ చూచి, అబ్బా రాతలో ఖే చుక్క ఇట్లా పడదు అన్నది. నిజమే, మాకు తెలుగు రాసినంత బాగా ఉర్దూ రాదు. కొత్త డబ్బాను ఆయన ఎంత చెప్పినను తీసుకొనలేదు; అది ఇప్పుడు చెక్క మీద వున్నది, ఖరీదా తేదీతో. రెండవ పాత డబ్బాను ఈ సీజనులోనే వాడివేయమని, వచ్చే ఏటికి దాచవద్దని చెప్పి పంపాము. అతని లోపలి జేబులో పోయిన లెక్కల చీటీ ఏదో వున్నదట, అది దొరికితే చింపివేస్తానని చెప్పాడు. అవసరం లేదన్నాము, చింపితేనే మంచిదని అమ్మీ లోపలి నుండి అన్నది.

మార్చి చివరలో ఒక సాయంకాలం కాకా మళ్ళీ వచ్చాడు. ఇంజను మంచిగా నడిచినదట. మండ, కొమ్ము రెండూ పాలిష్ అయి యార్డుకు పోయినవట. శిష్యుడు చెప్పిన గంటలకే నూనె దించినారు. "నల్లగైంది గని, గసి లేదు సారూ, జూడుండ్రి" అంటూ సంచిలో నుండి ఒక సీసా తీసి వాకిట పెట్టాడు. అది ఒక పెద్ద శీతలపానీయం సీసా. మేము లోపలికి పోయి అబ్బాజాన్ ఖాళీ డబ్బా ఒకటి, మార్కరు తెచ్చి, ముందు ఆ సీసా మూత గట్టిగా బిగించమన్నాము.